జుహూ కేస్ స్టడీ: పొట్టి రన్‌వే, 160 కిలోమీటర్ల సముద్రం

పొద్దున్న ఐదున్నరకి ప్యాసింజర్‌ని కాటా ఎక్కిస్తాం. ముందు మనిషి, తర్వాత బ్యాగు. రెండు అంకెలూ మేనిఫెస్టులో, అంటే ప్రయాణికుల జాబితాలో, పడ్డాకే లైఫ్ జాకెట్ చేతికిస్తాం. పదిహేనేళ్ళకి పైగా ఆఫ్‌షోర్ హెలికాప్టర్ల గ్రౌండ్ ఆపరేషన్స్‌లో ఉన్నాను, అందులో ఎక్కువ కాలం ముంబయి జుహూలో, కొంతకాలం మా గోదావరి వైపు. ఎయిర్‌పోర్ట్‌లో పని అంటే చుట్టాలు పెద్ద టెర్మినల్, ట్రాలీలు, డ్యూటీ ఫ్రీ షాపులు ఊహించుకుంటారు. మా దగ్గర ఉండేది ఒక కాటా, వాతావరణం రిపోర్టు కాగితం, ఇంధనం పట్టి చూసే గాజు జాడీ, సేఫ్టీ వీడియో వేసే చిన్న గది. సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫారాల మీద పనిచేసేవాళ్ళ రాకపోకలన్నీ వీటి మీదే నడుస్తాయి.

దేశంలో మొట్టమొదటి పౌర విమానాశ్రయం జుహూ. పెద్ద విమానాలు దాన్ని వదిలేసి పక్క ఊరి రన్‌వేకి వెళ్ళిపోయాయి. అలాంటిది ఈ రోజుకీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోటర్ల చప్పుడుతో ఎందుకు బతికి ఉంది, దాని బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుంది అన్నదే ఈ కేసు. చాలామంది దీని చరిత్రని జె.ఆర్.డి. టాటా దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నేను దూరం, ఇంధనం, వాన లెక్కలో చెప్తాను, ఎందుకంటే ఆ మైదానం తలరాత ప్రతిసారీ మారింది వాటి వల్లే.

బురద నేల రోజులు

1928లో విలే పార్లే పక్కన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న నేలలో ఈ మైదానం మొదలైంది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. కరాచీలోని డ్రిగ్ రోడ్ నుంచి టపా సంచులతో పుస్ మాత్ విమానంలో బయల్దేరి, అహ్మదాబాద్‌లో ఆగి, ఇక్కడే దిగారు. ఆ టపాని నెవిల్ విన్సెంట్ ఇక్కణ్ణుంచి బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. రేడియో లేదు, దారి చూపే సాధనం ఒక్కటీ లేదు. వానాకాలంలో పోటు వస్తే ఆ మైదానం సముద్రం కంటే కిందికి పోయేదని జె.ఆర్.డి. స్వయంగా చెప్పుకున్నారు. అందుకే వానలు మొదలైతే మకాం పూనాకి మార్చేవాళ్ళు. ఈ పూనా మాట గుర్తుంచుకోండి, దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అదే ఊరు, అదే వాన కారణంగా మళ్ళీ ఈ కథలోకి వస్తుంది.

1948లో ప్యాసింజర్ విమానాలు శాంతాక్రూజ్‌కి, అంటే ఇప్పటి ముంబయి పెద్ద ఎయిర్‌పోర్ట్‌కి, వెళ్ళిపోయాయి. అది జుహూకి రెండు మూడు కిలోమీటర్ల దూరమే, కానీ అక్కడ రన్‌వే పొడుగ్గా వేసుకోవడానికి చోటుంది. జుహూలో రెండు రన్‌వేల్లో పెద్దది సుమారు 1,100 మీటర్లు. ఒకవైపు బీచ్, మిగతా వైపుల ఊరు. పెంచుదామన్నా ఎటూ జరగడానికి లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జుహూ పెద్ద రన్‌వే, శాంతాక్రూజ్ పెద్ద రన్‌వే దాదాపు ఒకే దిక్కుకి ఉంటాయి. సముద్రం మీదుగా వచ్చే పైలట్‌కి ముందు కనిపించేది జుహూనే. 1953 జూలైలో బ్రిటిష్ కంపెనీ కామెట్ జెట్ ఒకటి శాంతాక్రూజ్ అనుకుని ఇక్కడ దిగింది, కొన్ని రోజుల తర్వాత గానీ దాన్ని బయటికి తీసుకెళ్ళలేకపోయారు. 1972 సెప్టెంబర్ 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 అదే పొరపాటు చేసింది. ఆ పొడవు దానికి చాల్లేదు, రన్‌వే దాటి పోయింది. ఎవరూ చనిపోలేదు, కొందరికి దెబ్బలు తగిలాయి, ఆ విమానం మాత్రం మళ్ళీ ఎగరలేదు. నేను చేరిన కొత్తలో ఈ కథ విన్నప్పుడు నమ్మలేదు. తర్వాత ఒక రోజు తిరుగు సార్టీలో (హెలికాప్టర్ ట్రిప్పుని సార్టీ అంటాం) వెనక సీట్లో కూర్చుని సముద్రం వైపునుంచి వస్తూ కిటికీలోంచి చూశాను. మసక ఎండలో ముందు జుహూ చారే కళ్ళబడింది, శాంతాక్రూజ్ చార దాని వెనక ఎక్కడో కలిసిపోయి ఉంది.

చమురు పడింది

ఆ డీసీ-8 దిగిన రెండేళ్ళలోపే, 1974 ఫిబ్రవరిలో, సాగర్ సామ్రాట్ రిగ్గు బాంబే హైలో తవ్వుతుంటే, బావిలో నీళ్ళు పడ్డట్టు చమురు పడింది. 1976 మే 21న ఉత్పత్తి మొదలైంది. ముంబయి తీరం నుంచి సుమారు 160 కిలోమీటర్లు. అక్కడ ప్లాట్‌ఫారాలు లేచాయి, వాటి మీద మనుషులు ఉండాలి. పద్నాలుగు రోజులు డ్యూటీ, పద్నాలుగు రోజులు సెలవు. అంటే రెండు వారాలకోసారి మనుషులంతా మారాలి.

పడవలో వెళ్తే ఎనిమిది గంటలు పైనే. పోయినా, అలల మీద ఊగే పడవ నుంచి క్రేన్‌కి కట్టిన బుట్టలో మనిషిని పైకి ఎత్తాలి. వానాకాలంలో ఆ పని చూస్తే కడుపులో తిప్పుతుంది. హెలికాప్టర్‌లో అదే దూరం నలభై నిమిషాల లోపు. అందుకని హెలికాప్టర్ తప్పదు. హెలికాప్టర్ ఎక్కణ్ణుంచి లేవాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఇక్కడ కొంచెం లెక్క వేయాలి, ఎందుకంటే కేసు మొత్తానికి ఇదే వెన్నెముక. డాఫిన్ లాంటి మధ్యరకం హెలికాప్టర్ గంటకి 260 కిలోమీటర్ల చొప్పున పోతుంది, గంటకి రమారమి 300 కిలోల ఇంధనం తాగుతుంది. అంటే నిమిషానికి 5 కిలోలు. బేస్‌ని తీరం నుంచి 25 కిలోమీటర్లు లోపలికి జరిపారనుకోండి. పోవడానికి దాదాపు ఆరు నిమిషాలు, రావడానికి ఆరు నిమిషాలు. కలిపి దగ్గర దగ్గర 60 కిలోల ఇంధనం ఎక్కువ మోయాలి. నిండు లోడుతో లేచే హెలికాప్టర్‌లో ఆ 60 కిలోలు ఎక్కణ్ణుంచి తగ్గిస్తారు? ఒక మనిషిని దించాలి. ప్రతి సార్టీలో, ప్రతి రోజూ, ఏళ్ళ తరబడి ఒక సీటు ఖాళీ. ప్లాట్‌ఫారం నుంచి చూస్తే అది రావలసిన ఒక ఫిట్టరో, ఒక ఎలక్ట్రీషియనో.

విమానాలు జుహూని ఎందుకు వదిలేశాయో గుర్తు తెచ్చుకోండి. రన్‌వే పొట్టిది, సముద్రం మరీ దగ్గర. హెలికాప్టర్‌కి ఈ రెండూ అడ్డు కాదు. చక్రాలున్న బరువైన హెలికాప్టర్ లేచేటప్పుడు ఒక ఇంజన్ పోతే మళ్ళీ అదే చారమీద దిగి ఆగడానికి కొంత నేల కావాలి. 1,100 మీటర్లు దానికి ధారాళంగా సరిపోతుంది. సముద్రం దగ్గరవడం ఇంకా మేలు, లేచిన ఒకటి రెండు నిమిషాల్లో ఊరి మీది నుంచి బయటపడిపోతాం.

పవన్ హంస్, వెస్ట్‌ల్యాండ్ ముచ్చట

మొదట్లో ఆఫ్‌షోర్ పనికి విదేశీ కంపెనీల హెలికాప్టర్లు అద్దెకి తెచ్చుకునేవాళ్ళు. 1985 అక్టోబర్ 15న హెలికాప్టర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పెట్టారు, అదే తర్వాత పవన్ హంస్ అయింది. తేదీ చూశారా, 1932లో జె.ఆర్.డి. దిగిన రోజే. 1982లో అదే తేదీన 78 ఏళ్ళ వయసులో ఆయన లెపర్డ్ మాత్ విమానంలో ఆ పాత ప్రయాణాన్ని మళ్ళీ చేసి జుహూలోనే దిగారు. అప్పటికి బాంబే హై నుంచి చమురు రావడం మొదలై ఆరేళ్ళు దాటింది.

కొత్త సంస్థ కోసం రెండు రకాల హెలికాప్టర్లు తెచ్చారు. ఫ్రాన్స్ నుంచి 27 డాఫిన్లు, బ్రిటన్ నుంచి 21 వెస్ట్‌ల్యాండ్-30లు. ఈ రెండోది బ్రిటన్ ఇచ్చిన సాయం డబ్బుతో ముడిపడి వచ్చింది. మన వేడికి, మన పనికి ఇది సరిపోదని ముందే అభ్యంతరాలు వచ్చాయి, అయినా వచ్చింది. ప్రాణాలు తీసిన రెండు ప్రమాదాలు జరిగాయి, రిపేర్ల బెడద తీరలేదు, 1991 నాటికి మొత్తం నేల మీద కూర్చున్నాయి. ఆ తర్వాత వాటిని కారుచౌకగా తిరిగి బ్రిటన్ వాళ్ళకే అమ్మేశారు. డాఫిన్లు మాత్రం ఏళ్ళకేళ్ళు పనిచేశాయి, అదే కుటుంబంలోని తర్వాతి మోడల్ ఎన్-3 వచ్చింది.

ఇందులో నాకు కనిపించేది ఒకటే. ఏ సముద్రం మీద, ఎంత దూరం, ఎంత వేడిలో, ఎంతమందితో అని మొదలుపెట్టి హెలికాప్టర్‌ని ఎంచుకున్నచోట పని నడిచింది. ముందు హెలికాప్టర్ వచ్చి, తర్వాత దానికి పని వెతికినచోట నడవలేదు. ఈ మాట నేను ఇప్పటికీ టెండర్ కాగితాలు చూసిన ప్రతిసారీ అంటాను, కొందరికి విసుగొస్తుంది కూడా.

కాటా, జాడీ, మంచినీళ్ళు

రోజువారీ పని కొంచెం దగ్గరగా చూపిస్తాను, బయటివాళ్ళకి ఇది అసలు తెలియదు.

తెల్లవారక ముందే ఇంధనం ట్యాంకు అడుగు నుంచి కొంచెం పట్టి గాజు జాడీలో పోస్తాం. సముద్రపు తేమకి రాత్రిపూట ట్యాంకు లోపలి గోడలకి నీటిచుక్కలు పట్టి అడుగుకి దిగుతాయి. జాడీని గిర్రున తిప్పి వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే నీళ్ళు ఉంటే మధ్యలో చిన్న ముత్యంలా చేరతాయి. కంటితో చూసింది చాలదు, సిరంజికి చిన్న క్యాప్సూల్ తగిలించి ఇంధనం లాగుతాం, అందులో పసుపు కాగితం ఆకుపచ్చకి తిరిగిందంటే ఆ ట్యాంకు ఆ రోజుకి ముట్టుకోం. సముద్రం మధ్యలో ఇంజన్‌కి నీళ్ళు తగిలితే రోడ్డు పక్కన ఆపుకోవడానికి ఉండదు కదా.

సాయంత్రం ఆఖరి సార్టీ దిగాక ఇంజన్లకి మంచినీళ్ళ స్నానం. రోజంతా ఉప్పుగాలి పీల్చిన ఇంజన్‌ని అలాగే వదిలేస్తే లోపల బ్లేడ్లు తినేస్తుంది. నీళ్ళు పోసి, కాసేపు ఆరబెట్టి, అద్దాలు, తలుపు కీళ్ళు, రోటర్ తలకాయ తుడిచి నూనె పెడతారు. ఇదంతా అయ్యేసరికి చీకటి పడుతుంది. వీళ్ళ పేర్లు ఎక్కడా కనబడవు. నాకు మాత్రం ఆ బేస్ అంటే ముందు గుర్తొచ్చేది బకెట్టు, గుడ్డ పట్టుకుని నిచ్చెన మీద నిలబడే ఆ టెక్నీషియన్లే.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒక జూలైలో, రాత్రంతా వాన పడి, కాటా పెట్టిన గదిలోకి నీళ్ళొచ్చి నేల ఒక మూల కుంగింది. ఎవరం గమనించలేదు. పొద్దున రెండు సార్టీలు వెళ్ళిపోయాయి, ఒక్కోదాంట్లో తొమ్మిదిమంది. టీ తాగి వచ్చి ఊరికే కాటా ఎక్కాను. నా బరువు 71, అది 67న్నర చూపిస్తోంది. ఒళ్ళు చల్లబడింది. మనిషికి మూడున్నర కిలోలు, తొమ్మిదిమందికి ముప్ఫై పైచిలుకు కిలోలు లెక్కలోకి రాకుండా గాల్లోకి పోయాయి. వెంటనే రేడియోలో చెప్పించాం. అప్పటికే ఒకటి ప్లాట్‌ఫారం మీద దిగింది, రెండోదానికి ఇంధనం మార్జిన్ ఉంది కాబట్టి ఏం కాలేదు. కానీ ఆ రోజు వేడి ఎక్కువై, గాలి లేక, లోడు అంచుదాకా ఉండి ఉంటే? ఆ మర్నాటి నుంచి పొద్దున్నే మొదట కాటా మీద 20 కిలోల రాళ్ళు రెండు పెట్టి చూశాకే మనిషిని ఎక్కించడం అలవాటు చేశాం. కొత్త కాటా కోసం నేను పనిచేసే సంస్థకి రాసిన ఉత్తరానికి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ దాని మీద నాకు కోపమే.

2005 జూలై 27

జుహూ ఎంత ముఖ్యమో, దాని మీదే ఆధారపడటం ఎంత ప్రమాదమో తెలియాలంటే ఈ ఒక్క రోజు చాలు.

ముందురోజు, జూలై 26న, శాంతాక్రూజ్‌లో ఇరవై నాలుగు గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. ముంబయి మునిగిపోయిన రోజది. విమానాలు ఆగిపోయాయి, రైళ్ళు ఆగిపోయాయి. సముద్రంలో కూడా గాలులు, పెద్ద అలలు. అలాంటి సమయంలో సముద్ర సురక్ష అనే సపోర్ట్ ఓడలో వంటమనిషికి చేతివేళ్ళు తెగాయి. మామూలు రోజైతే ఇది మా దగ్గర పది నిమిషాల వ్యవహారం. మెడికల్ సార్టీ అని బోర్డు మీద రాస్తాం, స్ట్రెచర్ సిద్ధం చేస్తాం, గంటలో మనిషి ఆసుపత్రిలో ఉంటాడు. ఆ రోజు వాతావరణం వల్ల హెలికాప్టర్ రాలేదు. అందుకని ఆ గాయపడ్డ మనిషిని బాంబే హై నార్త్ ప్లాట్‌ఫారానికి క్రేన్ బుట్టలో ఎక్కించాలని ఓడని ప్లాట్‌ఫారం పక్కకి తెచ్చారు.

మనిషిని ఎక్కించడం పూర్తయింది. తర్వాత అలల ఊపుకి ఓడ ప్లాట్‌ఫారాన్ని తాకింది. తాకినచోట గ్యాస్ రైజర్, అంటే సముద్రం అడుగుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య నిలువుగా ఉండే గొట్టం, పగిలింది. మంట అంటుకుంది. రెండు గంటలు గడిచేసరికి ఆ ప్లాట్‌ఫారం దాదాపు మొత్తం కూలిపోయింది. దాని మీద ఉన్న హెలికాప్టర్ కూడా పోయింది. ఆ కాంప్లెక్స్‌లోనూ పక్కన పనిచేస్తున్న రిగ్గు మీదా ఓడ మీదా కలిపి 384 మంది ఉంటే 362 మందిని బతికించారు, 22 మంది పోయారు. అలల్లో మనుషుల్ని ఏరి తెచ్చిన పడవల వాళ్ళకి, నేవీకి, కోస్ట్ గార్డ్‌కి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

దీన్ని అందరూ ఓడ ప్రమాదంగా చదువుతారు. రైజర్లు ప్లాట్‌ఫారం బయటి వైపు, ఓడలు ఆనుకునే వైపు ఎందుకున్నాయన్నది పెద్ద ప్రశ్నే, ఇంజనీర్లు దాని మీద చాలా రాశారు. నేను మాత్రం ఒక అడుగు వెనక్కి వెళ్తాను. ఆ ఓడ అసలు అక్కడికి ఎందుకొచ్చింది? హెలికాప్టర్ ఎగరలేదు కాబట్టి. మా బోర్డు మీద "వాతావరణం బాలేదు, సార్టీ రద్దు" అని రాసినప్పుడు ఆ ప్రమాదం తప్పిపోయిందనుకుంటాం. తప్పిపోలేదు, పడవ మీదికి, క్రేన్ మీదికి మారింది. అప్పట్నుంచి మెడికల్ సార్టీ రద్దు చేసిన ప్రతిసారీ నేను ఫోన్ చేసి అడిగే మాట ఇది: "సార్, ఇప్పుడు మీరు ఆ పేషెంటుని ఏం చేయబోతున్నారు?" పడవలో పంపుతాం అంటే, ఎంత అల ఉంది, రేపటిదాకా ఆగితే ప్రాణానికి ముప్పుందా అని డాక్టర్‌ని కూడా లైన్‌లోకి తెమ్మంటాను. అది నా డ్యూటీ కాదని ఒకాయన అన్నారు. నేను అడగడం మానలేదు.

పోయినవాళ్ళు

2003 ఆగస్టు 11న మనుషుల్ని తీసుకెళ్తున్న ఎంఐ-172 హెలికాప్టర్ ముంబయి తీరానికి దూరంగా సముద్రంలో పడింది. 29 మందిలో 27 మంది పోయారు. 2015 నవంబర్ 4న రాత్రిపూట ప్లాట్‌ఫారం మీద దిగడం ప్రాక్టీసు చేస్తున్న డాఫిన్ పడిపోయి ఇద్దరు పైలట్లు చనిపోయారు. చుట్టూ చీకటి, కింద నల్లటి నీళ్ళు, మధ్యలో ఒక్క దీపాల గుంపు. అలాంటిచోట ఏది ఆకాశమో ఏది సముద్రమో మనిషి మెదడుకి తెలియదు. 2018 జనవరి 13న, సంక్రాంతి ముందు, పొద్దున పది దాటాక జుహూ నుంచి లేచిన డాఫిన్ కాసేపటికే రాడార్ మీంచి మాయమైంది. ఐదుగురు ఓఎన్‌జీసీ అధికారులు, ఇద్దరు పైలట్లు, ఏడుగురూ పోయారు.

2022 జూన్ 28న ఎస్-76డి హెలికాప్టర్ సాగర్ కిరణ్ రిగ్గుకి దగ్గర్లో నీళ్ళ మీద పడింది. 9 మందిలో నలుగురు చనిపోయారు, ఐదుగురు బతికారు. ఫ్లోట్లు, అంటే నీళ్ళ మీద తేల్చే గాలిసంచులు, విచ్చుకోవడం వల్ల అది కాసేపు తేలింది, పడవ చేరుకుంది.

ఈ పని చేసే ప్రతివాడికీ నీళ్ళలో మునిగిన హెలికాప్టర్ నుంచి బయటపడే ట్రైనింగ్ ఉండాలి. గోవాలో బెతుల్ దగ్గరున్న ఓఎన్‌జీసీ సేఫ్టీ సంస్థలో నేను రెండుసార్లు చేశాను. డొల్ల క్యాబిన్‌లో బెల్టు పెట్టి కూర్చోబెట్టి కొలనులో ముంచి తలకిందులు చేస్తారు. ముక్కులోకి నీళ్ళు పోతాయి, ఎటు పైనో ఎటు కిందో తెలియదు. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే, ఒక చెయ్యి కిటికీ చట్రం మీంచి తియ్యకూడదు. తిరగడం ఆగేదాకా ఆగాలి. ఆ తర్వాతే బెల్టు విప్పాలి. ముందే విప్పితే మనిషి తేలిపోయి క్యాబిన్ పైకప్పుకి అతుక్కుపోతాడు, కిటికీ ఎక్కడుందో మర్చిపోతాడు. మొదటిసారి నేను ముందే విప్పాను. డైవర్ వచ్చి భుజం పట్టుకుని లాగాడు. పైకొచ్చాక పది నిమిషాలు మాట రాలేదు. అప్పట్నుంచి సేఫ్టీ వీడియో నడుస్తుండగా ఎవరైనా ఫోన్ చూస్తుంటే దగ్గరికెళ్ళి, "అన్నా, మీ సీటుకి దగ్గర కిటికీ ఎటువైపో చెప్పండి" అని అడుగుతాను.

ఊరు దగ్గరికొచ్చేసింది

సముద్రం దగ్గరుండటం జుహూకి ప్రాణం పోసింది. ఊరు దగ్గరికి రావడం ఇప్పుడు ఊపిరి తీస్తోంది. ఎయిర్‌పోర్ట్ చుట్టూ 45 మీటర్ల ఎత్తుకి పైన అడ్డు లేకుండా ఉంచాల్సిన ప్రాంతం ఒకటుంటుంది. దానివల్ల పాత బిల్డింగులు కూల్చి ఎత్తుగా కట్టుకోవాలనుకునే కుటుంబాలు ఇరుక్కుపోయాయి. వాళ్ళ బాధ నిజం. నలభై ఏళ్ళ నాటి పెచ్చులూడే బిల్డింగులో వయసు మళ్ళినవాళ్ళు నాలుగో అంతస్తుకి లిఫ్టు లేకుండా ఎక్కుతుంటే ఎవరికైనా బాధేస్తుంది. అయినా ఎత్తు విషయంలో నేను ఒక్క మీటరు కూడా వదలమని చెప్పను. ఒక ఇంజన్‌తో లేస్తున్న హెలికాప్టర్‌కి ఆ మీటర్లే మిగిలేవి. ఫ్లయింగ్ ట్రైనింగ్‌ని బాంబే ఫ్లయింగ్ క్లబ్ ధూలేకి మార్చుకుంది. పిల్లలు గాలిపటాలు ఎగరేసే రోజుల్లో మేం రన్‌వే చివర మనిషిని పెట్టి దారాలు ఏరించేవాళ్ళం.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టేది వేరే సంగతి. పైకి చూస్తే జుహూకి పక్కనే శాంతాక్రూజ్ ఉంది, ఇది మూసుకుపోతే అక్కడ దిగొచ్చు అనిపిస్తుంది. రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎయిర్‌పోర్ట్ వానకి ప్రత్యామ్నాయం కాదు. ఒకే మబ్బు రెండింటినీ కప్పేస్తుంది. నిజంగా వేరే వాతావరణం ఉన్నచోటు కావాలంటే దూరం పోవాలి, దూరం అంటే ఇంధనం, ఇంధనం అంటే మళ్ళీ ఒక సీటు. అందుకే 2023లో పవన్ హంస్ హెలికాప్టర్ జుహూ నుంచి పుణె దాకా గగన్ ఉపగ్రహ వ్యవస్థతో దారి చూసుకుంటూ వెళ్ళిన డెమో ప్రయాణం గురించి వినగానే నాకు చాలా సంతోషమేసింది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, ఇస్రో కలిసి కట్టిన వ్యవస్థ అది. హెలికాప్టర్లకి ఆసియాలోనే అలాంటి మొదటి ప్రదర్శన అన్నారు. ఒకప్పుడు వానకి భయపడి మకాం ఎత్తేసిన పూనానే ఇది. మబ్బులో కూడా నమ్మకంగా అటు దిగే దారి ఏర్పడితే, పైలట్ "చూద్దాం, కిందికి వెళ్ళి సముద్రం కనబడుతుందేమో" అని ఎత్తు తగ్గించే అవసరం తగ్గుతుంది.

మధురపూడి నుంచి చూస్తే

గోదావరి వైపు పనిచేసినప్పుడు జుహూ లెక్కే ఇక్కడా వేశాను. రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్ట్ నుంచి ఓఎన్‌జీసీ హెలికాప్టర్లు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ చమురు క్షేత్రాల వైపు వెళ్తాయి. అక్కణ్ణుంచి కాకినాడ తీరం దాదాపు 50 కిలోమీటర్లు. పోను పన్నెండు, రాను పన్నెండు నిమిషాలు కేవలం పొలాల మీద. దగ్గర దగ్గర 115 కిలోల ఇంధనం, అంటే ఒకటిన్నర మనిషి బరువు. తీరం దాటాక ప్రయాణం బాంబే హైతో పోలిస్తే చిన్నది కాబట్టి ఇన్నాళ్ళూ ఇది పెద్దగా తెలియలేదు. 2024 జనవరిలో కాకినాడ తీరానికి అవతల లోతు నీళ్ళలో 98/2 అనే చమురు బ్లాకు నుంచి ఉత్పత్తి మొదలైంది, రాకపోకలు పెరుగుతాయి. అయితే బేస్‌ని తీరానికి జరిపేద్దామా అని మీటింగ్‌లో ఒకరు అడిగారు.

నేను వద్దన్నాను. నేను కోనసీమవాణ్ణి. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను మా కొబ్బరితోటల్ని నేలకి పరిచేసింది, పొద్దున్న లేచి చూస్తే ఊరికి ఆనవాళ్ళు లేవు. తీరంలో హ్యాంగర్ కట్టి హెలికాప్టర్లన్నీ అక్కడే పెడితే ఒక్క రాత్రిలో మొత్తం పోతుంది, తెల్లారాక జనాన్ని కాపాడటానికి కావలసింది కూడా అవే. మధురపూడిలోనే హ్యాంగర్, రిపేర్లు, రాత్రి పార్కింగ్ ఉంచి, తీరం దగ్గర గట్టి మెరక చూసి రెండు హెలికాప్టర్లు దిగేంత కాంక్రీటు, ఇంధనం బౌజర్ (ట్యాంకర్ లారీ), అగ్నిమాపక బండి, గాలి ఎటు వీస్తోందో చూపే విండ్‌సాక్, ఒక షెడ్డు పెడితే చాలని రాసిచ్చాను. పొద్దున ఖాళీగా వచ్చి అక్కడ మనుషుల్ని ఎక్కించుకుని, అక్కడే ఇంధనం పట్టుకుని సముద్రం మీదికి పోవాలి. తుపాను హెచ్చరిక రాగానే బౌజర్‌తో సహా అన్నీ మధురపూడికి వెనక్కి రావాలి. షెడ్డులో పెట్టాల్సిన సామాను జాబితాలో మొదటి వరసలో కాటా రాసి, దాని పక్కనే 20 కిలోల రాళ్ళు రెండు అని రాశాను.